లినక్స్ డెస్క్‌టాప్‌పై కొత్త ప్యాకేజీ రూపాలు: వినియోగదారుల వైఖరులు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

లినక్స్ డెస్క్‌టాప్‌లో ప్రోగ్రాములను వినియోగదారునికి చేర్చే పద్ధతి గత దశాబ్దంలో గణనీయంగా మారింది. డిస్ట్రిబ్యూషన్ల ఉమ్మడి భాండాగారాలతో పాటు యాప్‌ఇమేజ్, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అనే కొత్త రూపాలు వాడుకలోకి వచ్చాయి. వీటిపై వినియోగదారులలో ఆదరణ, అనుమానం, వ్యతిరేకత మూడూ కనిపిస్తాయి. ఈ వ్యతిరేకతను కొత్తదనంపై విముఖతగా భావించడం పరిపాటి. ఆ భావన సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బాధ్యత ఎవరిది, నిర్ణయం ఎవరిది అనే రెండు ప్రశ్నలే ఈ వైఖరులకు మూలమని 2014 నుండి 2025 వరకు జరిగిన కొన్ని ప్రధాన ఘటనల ఆధారంగా వివరిస్తుంది. తెలుగు లిపిని, తెలుగు ఇంటర్‌ఫేస్‌ను వాడేవారికి ఈ మార్పు వల్ల కలిగే ఫలితాలను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, డిస్ట్రిబ్యూషన్, ప్యాకేజీ, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, తెలుగు కంప్యూటింగ్.

1. ప్రవేశిక

లినక్స్ అనేది నిజానికి ఒక కెర్నల్ పేరు. కంప్యూటర్ యంత్రభాగాలకూ ప్రోగ్రాములకూ మధ్య నిలిచే మూలభాగం అది. ఆ కెర్నల్‌కు వేలాది ప్రోగ్రాములను జతచేసి, అవి ఒకదానితో ఒకటి పొసగేలా సిద్ధంచేసి, ఒక పూర్తి వ్యవస్థగా అందించే సంస్థలను, సముదాయాలను డిస్ట్రిబ్యూషన్లు అంటారు. డెబియన్, ఫెడోరా, ఉబుంటు, లినక్స్ మింట్ మొదలైనవి ఈ కోవకు చెందినవి.

ఒక ప్రోగ్రాంను రాసినవారు ఒకరు, దానిని వాడేవారు మరొకరు. ఈ ఇద్దరి మధ్య ప్రయాణించేందుకు ఆ ప్రోగ్రాం ధరించే రూపమే ప్యాకేజీ. అందులో ప్రోగ్రాం ఫైళ్లతో పాటు, అది పనిచేయడానికి ఇంకా ఏమేమి కావాలి, ఏ సంచిక, ఎవరు తయారుచేశారు అనే వివరాలు ఉంటాయి. పైకి ఇది కేవలం సాంకేతిక విషయంగా కనిపిస్తుంది. కానీ ఒక వ్యక్తి కంప్యూటర్‌లోకి ఏది రావాలి, ఎప్పుడు మారాలి, లోపం బయటపడినప్పుడు ఎవరు సరిదిద్దాలి అనే నిర్ణయాలన్నీ ప్యాకేజీ రూపంతో ముడిపడి ఉన్నాయి. లినక్స్ వినియోగదారులు ఈ విషయమై ఇంత తీవ్రంగా వాదించుకోవడానికి కారణం అదే.

2. సంప్రదాయ పద్ధతి: ఉమ్మడి వనరు, మధ్యవర్తి

డెబియన్ ప్రాజెక్టు 1993లో ఇయాన్ మర్డాక్ చేతిలో ప్రారంభమైంది. డెబియన్ రూపొందించిన డెబ్ ప్యాకేజీ, రెడ్‌హ్యాట్ రూపొందించిన ఆర్‌పీఎం ప్యాకేజీ 1990లలోనే స్థిరపడ్డాయి. 1999లో వెలువడిన డెబియన్ 2.1తో ఏపీటీ అనే సాధనం వచ్చింది. ఒక ప్రోగ్రాంను కోరితే దానికి ఆధారమైన ఇతర భాగాలను కూడా వెతికి తెచ్చి స్థాపించే పని ఇది చేస్తుంది.

ఈ పద్ధతికి రెండు లక్షణాలు ప్రధానం. మొదటిది ఉమ్మడి లైబ్రరీ. అనేక ప్రోగ్రాములకు అవసరమయ్యే కోడ్‌ను ఒకేచోట ఉంచి, అన్నీ దానినే వాడుకునేలా చేయడం దీని సూత్రం. ఊరందరికీ ఒకే బావి ఉన్నట్లు ఇది ఉంటుంది. రెండవది ప్యాకేజీ నిర్వాహకుని పాత్ర. ప్రోగ్రాం రాసిన మూలకర్త వేరు, దానిని డిస్ట్రిబ్యూషన్‌కు అనుగుణంగా మలచి భాండాగారంలో చేర్చే నిర్వాహకుడు వేరు. ఈ నిర్వాహకుడు మూలకర్త పక్షాన కాక వినియోగదారుని పక్షాన నిలబడి కోడ్‌ను పరిశీలిస్తాడనేది ఈ సంప్రదాయంలోని నమ్మకం.

ఈ నమ్మకానికి బలమైన నిదర్శనం 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం. ఇంటర్నెట్‌లో సమాచార గోప్యతకు విస్తృతంగా వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో ఈ లోపం ఉంది. డిస్ట్రిబ్యూషన్లు ఆ ఒక్క లైబ్రరీని సరిచేసి పంపగానే, దానిని ఉమ్మడిగా వాడుకునే ప్రోగ్రాములు పునఃప్రారంభంతో సురక్షితమయ్యాయి. బావిని ఒకసారి శుభ్రపరిస్తే ఊరంతటికీ మంచినీరు అందినట్లే.

అయితే బావి చెడితే ఊరంతా జబ్బుపడుతుందన్నది కూడా నిజమే. 2006లో డెబియన్ నిర్వాహకుల స్థాయిలో అదే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేసిన ఒక మార్పు వల్ల రహస్య సంకేతాల తయారీలో యాదృచ్ఛికత బాగా తగ్గిపోయింది. 2008 మే నెలలో ఈ సంగతి బయటపడేవరకు డెబియన్‌లోనూ, దానిపై ఆధారపడిన ఉబుంటులోనూ తయారైన ఎన్నో కీలు ఊహించదగినవిగా ఉండిపోయాయి. మూలకర్తలు రాసిన కోడ్‌లో ఆ లోపం లేదు, మధ్యవర్తి చేతిలోనే అది పుట్టింది. కనుక మధ్యవర్తిత్వం దానంతటదే రక్షణ కాదు. అది ఒక బాధ్యత మాత్రమే.

3. సంప్రదాయ పద్ధతిపై మూలకర్తల అసంతృప్తి

కొత్త రూపాల అవసరాన్ని మొదట గట్టిగా చెప్పినవారు ప్రోగ్రాములు రాసే మూలకర్తలు. లినక్స్ కెర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2014లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో జరిగిన డెబియన్ సదస్సులో ఈ సమస్యను ప్రస్తావించాడు. ఆయన పాలుపంచుకుంటున్న సబ్‌సర్ఫేస్ అనే ప్రోగ్రాంను విండోస్‌కు, మ్యాక్‌కు సిద్ధరూపంలో ఇవ్వగలుగుతున్నారు గానీ, లినక్స్‌కు అలా ఇవ్వడం కష్టమవుతోందన్నది ఆయన ఆరోపణ. ఒక్కో డిస్ట్రిబ్యూషన్‌లో, దాని ఒక్కో సంచికలో ఉండే లైబ్రరీలు వేరువేరు. అన్నింటికీ విడివిడిగా ప్యాకేజీలు తయారుచేయడం చిన్న బృందాలకు సాధ్యం కాదు. లినక్స్‌ను సృష్టించిన వ్యక్తే లినక్స్ కోసం ప్రోగ్రాం ఇవ్వలేకపోతున్నానని చెప్పడం గమనించదగిన విషయం.

రెండవ అసంతృప్తి కాలవ్యవధికి సంబంధించింది. డెబియన్ స్థిర సంచిక సుమారు రెండేళ్లకొకసారి వెలువడుతుంది. ఆ వ్యవధిలో భద్రతకు సంబంధించిన సవరణలు వస్తాయి గానీ ప్రోగ్రాముల కొత్త సంచికలు సాధారణంగా రావు. 2016లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ అనే ప్రోగ్రాం విషయంలో ఈ ఘర్షణ బహిరంగమైంది. తన పాత సంచికనే వాడుతున్న డెబియన్ వినియోగదారులు ఎప్పుడో పరిష్కరించిన లోపాలను మళ్లీమళ్లీ తనకు ఫిర్యాదు చేస్తున్నారని దాని మూలకర్త జేమీ జవిన్‌స్కీ వాదించాడు. సంచిక పాతబడిందని హెచ్చరించే ఒక సందేశాన్ని ప్రోగ్రాంలోనే చేర్చాడు. ఆ సందేశాన్ని తొలగించాలా, ప్రోగ్రాంనే తొలగించాలా అన్న చర్చ డెబియన్‌లో సాగింది. స్థిరత్వం వినియోగదారునికి మేలు అని నిర్వాహకులు భావిస్తే, దాని భారం తనపై పడుతున్నదని మూలకర్త భావించాడు. రెండు వాదాలలోనూ న్యాయం ఉంది.

4. మూడు కొత్త రూపాలు: స్వరూప భేదాలు

ఈ నేపథ్యంలో మూడు కొత్త రూపాలు ప్రాచుర్యంలోకి వచ్చాయి. వీటిని ఒకే గాటన కట్టి మాట్లాడటం వల్ల చర్చలో అయోమయం ఏర్పడుతుంది. అందుచేత వాటి భేదాలను ముందుగా గుర్తించాలి.

4.1 యాప్‌ఇమేజ్: 2004లో సైమన్ పీటర్ ప్రారంభించిన క్లిక్ అనే ప్రయత్నం దీనికి పూర్వరూపం. ప్రోగ్రాం మొత్తం ఒకే ఫైలుగా ఉంటుంది. స్థాపించనవసరం లేదు. ఆ ఫైలుకు నడిచే అనుమతి ఇచ్చి తెరిస్తే చాలు. వద్దనుకుంటే ఫైలును తొలగిస్తే సరిపోతుంది. దీనికి కేంద్రీకృతమైన అంగడి గానీ, తప్పనిసరి నవీకరణ వ్యవస్థ గానీ లేవు. పైన ప్రస్తావించిన సబ్‌సర్ఫేస్ తరువాతి కాలంలో ఈ రూపంలోనే లినక్స్ వినియోగదారులకు అందింది.

4.2 ఫ్లాట్‌ప్యాక్: రెడ్‌హ్యాట్‌లో పనిచేసిన అలెగ్జాండర్ లార్సన్ దీనిని రూపొందించాడు. మొదట ఎక్స్‌డీజీ-యాప్ అనే పేరుండేది. 2016లో ఫ్లాట్‌ప్యాక్‌గా పేరు మారింది. 2018 ఆగస్టులో 1.0 సంచిక వెలువడింది. ఇందులో ప్రోగ్రాములు రన్‌టైమ్ అనే సామాన్య పునాదిపై నడుస్తాయి. ఫ్రీడెస్క్‌టాప్, గ్నోమ్, కేడీఈ పేర్లతో ఈ రన్‌టైములు ఉన్నాయి. ఒకే డిస్ట్రిబ్యూషన్‌కు కాక అన్నింటికీ వర్తించే పునాదులివి. ప్రోగ్రాం శాండ్‌బాక్స్ అనే కంచె లోపల నడుస్తుంది. ఫైళ్లు తెరవడం వంటి పనులకు పోర్టల్ అనే ద్వారం గుండా అనుమతి పొందుతుంది. ఫ్లాట్‌హబ్ దీనికి ప్రధానమైన అంగడి. అయితే ఎవరైనా తమ సొంత ఫ్లాట్‌ప్యాక్ భాండాగారాన్ని నెలకొల్పవచ్చు.

4.3 స్నాప్: ఉబుంటును నడిపే క్యానానికల్ సంస్థ దీనిని రూపొందించింది. 2014 చివరలో స్నాపీ పేరుతో పరిచయమై, 2016 ఏప్రిల్‌లో ఉబుంటు 16.04తో డెస్క్‌టాప్‌కు వచ్చింది. ఒక్కో స్నాప్ కుదించిన ఫైల్ వ్యవస్థ రూపంలో ఉండి, వ్యవస్థకు తగిలించబడుతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాములకే కాక సర్వర్లకు, చిన్న పరికరాలకు కూడా ఇది ఉద్దేశించబడింది. నవీకరణలు వాటంతటవే జరుగుతాయి. వినియోగదారుని యంత్రంలో నడిచే భాగానికి మూలకోడ్ బహిరంగంగా ఉన్నా, అంగడిని నడిపే సర్వర్ కోడ్ బహిరంగం కాదు. ఆ అంగడి క్యానానికల్ ఒక్కదాని చేతిలోనే ఉంది.

మూడింటిలోనూ ప్రోగ్రాం తనకు కావలసిన లైబ్రరీలలో కొన్నింటినో, చాలావాటినో తన వెంట తెచ్చుకుంటుంది. ఊరి బావిపై ఆధారపడక ప్రతి ఇల్లూ తన నీళ్లకుండను తాను నింపుకోవడం వంటిది ఇది.

5. వైఖరుల విశ్లేషణ

5.1 సమ్మతి ప్రశ్న

లినక్స్ వినియోగదారుల వ్యతిరేకత అత్యంత తీవ్రంగా వ్యక్తమైనది స్నాప్ విషయంలో. ఈ వ్యతిరేకతకు ప్రధానమైన ఘట్టం ఉబుంటు 19.10లో క్రోమియం బ్రౌజర్ విషయంలో తీసుకున్న నిర్ణయం. ఆ సంచిక నుండి వినియోగదారుడు ఏపీటీ ద్వారా క్రోమియంను కోరితే, వచ్చే డెబ్ ప్యాకేజీలో బ్రౌజర్ ఉండదు. అది స్నాప్ రూపాన్ని తెచ్చి స్థాపించే వారధి మాత్రమే. అడిగినది ఒకటి, అందినది మరొకటి. 2020లో వెలువడిన లినక్స్ మింట్ 20 దీనికి ప్రతిగా, ఏపీటీ ద్వారా స్నాప్ వ్యవస్థ తనంతట తానుగా లోపలికి రాకుండా అడ్డుకట్ట వేసింది. కావాలనుకున్నవారు ఆ అడ్డును తొలగించి స్థాపించుకోవచ్చు.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. ఇదే లినక్స్ మింట్ 2017లో వెలువడిన 18.3 సంచిక నుండి ఫ్లాట్‌ప్యాక్‌ను తన సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో చేర్చుకున్నది. కంచె, వెంట తెచ్చుకునే లైబ్రరీలు, పెద్ద పరిమాణం ఈ రెండు రూపాలకూ ఉమ్మడి లక్షణాలే. ఒకదానిని చేర్చుకుని మరొకదానిని నిలువరించిన సముదాయాన్ని కొత్తదనానికి విముఖమైనదని అనడం కుదరదు. నిలువరించినది అనుమతి లేని మార్పిడిని, ఒకే సంస్థ చేతిలోని అంగడిని.

ఫైర్‌ఫాక్స్ ఉదంతం ఈ నిర్ధారణను మరింత బలపరుస్తుంది. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలోకి పూర్తిగా మారింది. ఆ స్నాప్‌ను తయారుచేసేది మూలకర్త అయిన మొజిల్లాయే. 2024 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 122తో మొజిల్లా తన సొంత ఏపీటీ భాండాగారం ద్వారా డెబ్ రూపాన్ని కూడా అందించింది. రెండు రూపాలకూ కర్త ఒకరే. స్నాప్‌ను వద్దన్నవారు మొజిల్లా డెబ్‌ను స్వీకరించినప్పుడు, వారు కోరినది మధ్యవర్తిని కాదు, ఎంచుకునే హక్కును అని అర్థమవుతుంది.

తప్పనిసరి నవీకరణలపై వచ్చిన ఆక్షేపణ కూడా ఈ కోవలోనిదే. స్నాప్ వ్యవస్థ సాధారణ స్థితిలో రోజుకు నాలుగు పర్యాయాలు నవీకరణల కోసం చూస్తుంది. వాటిని కొంతకాలం వాయిదా వేయగలిగినా, నిరవధికంగా ఆపే వీలు చాలాకాలం లేదు. 2022 చివరలో ఆ వీలు కల్పించారు. పాతబడిన ప్రోగ్రాములు ప్రమాదకరం కనుక అందరికీ కొత్త సంచిక చేరాలన్నది సంస్థ వాదన. తన యంత్రంలో మార్పు తనకు తెలిసి జరగాలన్నది వినియోగదారుని వాదన. వినియోగదారుని హోమ్ డైరెక్టరీలో స్నాప్ అనే ఫోల్డరు దాచకుండా ప్రత్యక్షం కావడంపై ఏళ్లతరబడి సాగిన ఫిర్యాదును కూడా ఇక్కడే చేర్చాలి. ఫోల్డరు చిన్నదే, దాని వల్ల నష్టమేమీ లేదు. కానీ తన ఇంట్లో ఇతరులు అడగకుండా వస్తువు పెట్టారన్న భావన చిన్నది కాదు.

5.2 బాధ్యత ప్రశ్న

లోపం వస్తే ఎవరిని అడగాలి అన్నది రెండవ ప్రశ్న. 2025 ప్రారంభంలో ఓబీఎస్ స్టూడియో అనే వీడియో ప్రోగ్రాం విషయంలో ఇది వివాదంగా మారింది. దాని మూలకర్తలు ఫ్లాట్‌హబ్‌లో స్వయంగా ఒక ఫ్లాట్‌ప్యాక్‌ను నిర్వహిస్తున్నారు. ఫెడోరా తన సొంత భాండాగారంలో వేరొక ఫ్లాట్‌ప్యాక్‌ను తయారుచేసి, దానికే ప్రాధాన్యం ఇచ్చింది. ఫెడోరా రూపంలో లోపాలున్నాయని, వాటిని తమవిగా భావించి వినియోగదారులు తమకు ఫిర్యాదు చేస్తున్నారని మూలకర్తలు అభ్యంతరం తెలిపారు. తమ పేరును, గుర్తును తొలగించాలని, లేకుంటే చట్టపరమైన చర్య తప్పదని ఫిబ్రవరిలో హెచ్చరించారు. కొద్దిరోజుల్లోనే ఉభయపక్షాలూ మాట్లాడుకోవడంతో వివాదం సమసింది.

మరోవైపు, ఫ్లాట్‌హబ్‌లోని ఓబీఎస్ అప్పటికి కాలపరిమితి ముగిసిన రన్‌టైమ్‌పై ఆధారపడి ఉందని ఫెడోరా వైపు నుండి విమర్శ వచ్చింది. కొత్త రన్‌టైమ్‌లో తమ ప్రోగ్రాంకు ఇబ్బంది కలిగించే దోషం ఉన్నందున పాతదానిపైనే ఉన్నామని మూలకర్తలు వివరించారు. ఒక డిస్ట్రిబ్యూషన్‌లోనైతే కాలం చెల్లిన లైబ్రరీని నిర్వాహకులు తొలగిస్తారు. కొత్త రూపంలో ఆ నిర్ణయం మూలకర్త చేతికి వచ్చింది. తన ప్రోగ్రాం గురించి మూలకర్తకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. అయితే మొత్తం యంత్రపు భద్రత గురించి ఆలోచించవలసిన స్థానంలో అతడు లేడు.

ఎక్స్‌స్క్రీన్‌సేవర్ వివాదం డెబ్ ప్యాకేజీపై, ఓబీఎస్ వివాదం ఫ్లాట్‌ప్యాక్‌పై జరిగాయి. మధ్యలో దాదాపు తొమ్మిదేళ్ల దూరం ఉంది. ప్రశ్న మాత్రం ఒక్కటే. ప్యాకేజీ రూపం మారినంత మాత్రాన మూలకర్తకూ మధ్యవర్తికీ నడుమ ఉన్న ఘర్షణ తొలగిపోదని ఈ పోలిక తెలియజేస్తుంది.

5.3 నమ్మకం ప్రశ్న

కొత్త రూపాలలో మధ్యవర్తి పాత్ర తగ్గడం వల్ల నమ్మకం ప్రశ్నార్థకమైంది. 2018 మే నెలలో స్నాప్ అంగడిలోని ఒక ఆట ప్రోగ్రాంలో క్రిప్టో నాణేలను తవ్వే కోడ్ దాగి ఉన్నట్లు బయటపడింది. 2023 సెప్టెంబరులో క్రిప్టో వాలెట్ల పేరుతో నకిలీ స్నాప్‌లు కనిపించాయి. ఆ తరువాత 2024లో, కొత్త పేర్ల నమోదును మనుషులే పరిశీలించే విధానాన్ని క్యానానికల్ ప్రవేశపెట్టింది. భాండాగార నిర్వాహకుడు చేస్తూ వచ్చిన పనిలో కొంత భాగం ఈ విధంగా అంగడికి తిరిగి వచ్చిందని చెప్పాలి. ఫ్లాట్‌హబ్ 2023లో ధ్రువీకరణ పద్ధతిని తెచ్చి, మూలకర్తలే అందిస్తున్న ప్రోగ్రాములకు గుర్తునిచ్చింది. 2024లో వెలువడిన లినక్స్ మింట్ 22 ధ్రువీకరణ లేని ఫ్లాట్‌ప్యాక్‌లను సాధారణ స్థితిలో చూపకుండా నిలిపివేసింది.

కంచె విషయంలోనూ అనుమానాలున్నాయి. ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాం తనకు ఏ అనుమతులు కావాలో తానే ప్రకటిస్తుంది. కొన్ని ప్రోగ్రాములు హోమ్ డైరెక్టరీ మొత్తంపై చదివే, రాసే అనుమతిని కోరతాయి. అటువంటప్పుడు కంచె ఉన్నా ద్వారం తెరిచే ఉన్నట్లు. ఈ విమర్శ 2018 నుండి వినిపిస్తున్నది. ఫ్లాట్‌సీల్ వంటి సాధనాల ద్వారా వినియోగదారుడు అనుమతులను తగ్గించుకోవచ్చు గానీ, ఏ అనుమతి దేనికో తెలిసినవారికే అది ఉపయోగపడుతుంది.

అయితే పాత పద్ధతిపై నమ్మకం కూడా నిరపాయకరమైనది కాదని 2024 మార్చి చివరలో స్పష్టమైంది. ఎక్స్‌జెడ్ అనే కుదింపు లైబ్రరీ 5.6.0, 5.6.1 సంచికలలో ఉద్దేశపూర్వకంగా చేర్చిన దొంగదారిని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కనుగొన్నాడు. ఆ దొంగదారి ప్రత్యేకించి డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు తయారయ్యే సందర్భంలో పనిచేసేలా రూపొందింది. డెబియన్ ప్రయోగ శాఖలలోకి, ఫెడోరా విడుదలకు ముందరి సంచికలలోకి అది ప్రవేశించింది. డెబియన్ స్థిర సంచిక మాత్రం దాని బారిన పడలేదు. పరిశీలన కంటే ఇక్కడ ఆలస్యమే రక్షించిందని చెప్పాలి. ఎక్స్‌స్క్రీన్‌సేవర్ మూలకర్త తప్పుపట్టిన ఆలస్యం, ఎక్స్‌జెడ్ విషయంలో మేలు చేసింది.

5.4 వేగం, పరిమాణం

అనుభవ స్థాయిలో వినియోగదారులు మొదట గుర్తించేది వేగాన్ని, పరిమాణాన్ని. ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్ మొదటిసారి తెరుచుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్నదన్న ఫిర్యాదు విస్తృతంగా వచ్చింది. క్యానానికల్ దానిని అంగీకరించి, కుదింపు పద్ధతి మొదలైన వాటిలో మార్పులు చేసి వేగాన్ని మెరుగుపరిచింది. పాస్‌వర్డ్ మేనేజర్ల వంటి బయటి ప్రోగ్రాములతో బ్రౌజర్ మాట్లాడలేకపోవడం ఆనాటి మరొక ఇబ్బంది. అది కూడా తరువాత పరిష్కారమైంది. ఫ్లాట్‌ప్యాక్‌లో ఒక చిన్న ప్రోగ్రాం కోసం తొలిసారి వందల మెగాబైట్ల రన్‌టైమ్ దిగుమతి కావచ్చు. అదే రన్‌టైమ్‌ను వాడే తరువాతి ప్రోగ్రాములకు ఆ భారం ఉండదు. ఒకే విధమైన ఫైళ్లను డిస్కుపై ఒకసారే భద్రపరిచే ఏర్పాటు కూడా ఉంది. యాప్‌ఇమేజ్‌కు అవసరమైన ఒక పాత లైబ్రరీ ఉబుంటు 22.04లో ముందుగా స్థాపించబడి లేకపోవడంతో, ఎక్కడైనా నడుస్తుందన్న దాని వాగ్దానం చాలామందికి తొలిసారిగా విఫలమైంది.

ఈ ఫిర్యాదులు కాలక్రమేణా తగ్గేవి. సమ్మతికి, బాధ్యతకు సంబంధించినవి అలా తగ్గలేదు. ఫైర్‌ఫాక్స్ వేగం మెరుగుపడినా స్నాప్‌పై విముఖత కొనసాగడమే దీనికి నిదర్శనం.

5.5 స్వీకరణ

ఆదరణను కూడా తక్కువగా అంచనా వేయరాదు. ఫెడోరా సిల్వర్‌బ్లూలోనూ, 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే ఆటల యంత్రంలోనూ మూల వ్యవస్థ సాధారణ వాడుకలో మార్పులకు లోనుకాదు. అక్కడ డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ఫ్లాట్‌ప్యాకే ప్రధాన మార్గం. స్థిరమైన డెబియన్‌ను వాడుతూ, ఒకటి రెండు ప్రోగ్రాములను మాత్రం ఫ్లాట్‌ప్యాక్‌గా కొత్త సంచికలో తెచ్చుకునే వినియోగదారులూ ఉన్నారు. మూల వ్యవస్థ విషయంలో వారికి మధ్యవర్తి కావాలి, తాము రోజూ పనిచేసే ప్రోగ్రాం విషయంలో మూలకర్త కావాలి. ఇది వైరుధ్యం కాదు, బాధ్యతను పంచి చూసే విచక్షణ.

6. తెలుగు వినియోగదారుల కోణం

ఈ చర్చ తెలుగువారికి సంబంధించని సాంకేతిక వాదం కాదు. ఒక ఉదాహరణతో దీనిని పరిశీలించవచ్చు. లిబ్రేఆఫీస్‌కు తెలుగు ఇంటర్‌ఫేస్ ఉంది. డెబియన్‌లో దానికి ప్రత్యేకమైన భాషా ప్యాకేజీ ఉంది, ఏపీటీ ద్వారా దానిని విడిగా చేర్చుకోవాలి. యాప్‌ఇమేజ్ రూపంలో బేసిక్, స్టాండర్డ్, ఫుల్ అనే మూడు రకాలున్నాయి. బేసిక్‌లో ఇంగ్లీషు మాత్రమే ఉంటుంది, స్టాండర్డ్‌లో కొన్ని ప్రధాన ప్రపంచభాషలుంటాయి, అన్ని భాషలూ ఉండేది ఫుల్‌లోనే. తెలుగు కోరుకునేవారు అన్నింటికంటే పెద్ద ఫైలునే దించుకోవాలి. ఫ్లాట్‌ప్యాక్‌లో భాషా ఫైళ్లు వేరు భాగంగా ఉండి, వ్యవస్థలో ఎంచుకున్న భాషల మేరకే దిగుమతి అవుతాయి. వ్యవస్థ ఇంగ్లీషులో ఉండి ప్రోగ్రాం మాత్రం తెలుగులో కావాలంటే ఫ్లాట్‌ప్యాక్ భాషల అమరికలో తెలుగును చేర్చాలి. ఆ సంగతి తెలియనివారికి తెలుగు అసలు లేనట్లే కనిపిస్తుంది. అనువాదకులు చేసిన పని ఒకటే, అది పాఠకుని తెరపైకి చేరే దారులు వేరు.

ఇంతకంటే సూక్ష్మమైనది అక్షరరూపానికి సంబంధించినది. గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు సరిగా కూర్చుకోవడానికి లినక్స్ డెస్క్‌టాప్‌లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ ప్రధానాధారం. పాత పద్ధతిలో ఆ లైబ్రరీలోని లోపాన్ని ఒకసారి సరిచేస్తే, దానిని ఉమ్మడిగా వాడే ప్రోగ్రాములన్నింటిలోనూ తెలుగు సరిపడుతుంది. ప్రోగ్రాములు తమ లైబ్రరీని తామే తెచ్చుకున్నప్పుడు ఒకే యంత్రంలో, ఒకే ఫాంటుతో, రెండు ప్రోగ్రాములలో ఒకే పదం రెండు విధాలుగా కనిపించే అవకాశం ఉంది. దీనికి మరో పార్శ్వం కూడా ఉంది. తెలుగు అక్షరకూర్పులోని ఒక సవరణ డెబియన్ తరువాతి స్థిర సంచికలో వచ్చేవరకు ఆగవలసిన పని లేకుండా, కొత్త రూపం ద్వారా త్వరగా అందవచ్చు.

ఫాంట్ల విషయంలో ఫ్లాట్‌ప్యాక్ వ్యవస్థలోని ఫాంట్లను కంచె లోపలికి చదవడానికి మాత్రం అనుమతిస్తుంది. అందువల్ల పోతన, వేమన వంటి ఫాంట్లను వ్యవస్థలో ఒకసారి స్థాపిస్తే చాలు. టైపింగ్ విషయం మరింత సున్నితమైనది. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ వంటి పద్ధతులను నడిపే ఐబస్ కంచె వెలుపల ఉంటుంది, ప్రోగ్రాం లోపల ఉంటుంది. రెంటికీ మధ్య తగిన ద్వారం ఉంటేనే తెలుగు అక్షరం పడుతుంది. ఇంగ్లీషు మీటల వరుసతో సరిపెట్టుకునేవారికి ఈ సమస్య ఎదురుకాదు. కంచెను రూపొందించేవారు తమ అవసరాలను బట్టి ద్వారాలు పెడతారు కనుక, ఇతర లిపుల వినియోగదారులు తమ అవసరాన్ని తామే తెలియజేయవలసి ఉంటుంది.

నిఘంటు శోధన, ఛందస్సు గణన, అక్షరదోష నిర్ధారణ వంటి పనులకు చిన్న ప్రోగ్రాములు రాసే తెలుగు పరిశోధకులకు కొత్త రూపాలు నిజమైన సదుపాయం. ప్రతి డిస్ట్రిబ్యూషన్‌కూ విడిగా ప్యాకేజీ చేసే బలం వారికి ఉండదు. ఒక్క ఫ్లాట్‌ప్యాక్ గానీ, యాప్‌ఇమేజ్ గానీ చేస్తే అందరికీ అందుతుంది. అయితే దానితోపాటు, లోపల ఉంచిన ప్రతి లైబ్రరీని ఏళ్లతరబడి తాజాగా ఉంచే బాధ్యత కూడా వారిదే అవుతుంది. పరిశోధన ప్రాజెక్టు గడువు ముగిసిన తరువాత ఆ బాధ్యతను ఎవరు వహిస్తారన్నది ముందుగానే ఆలోచించవలసిన విషయం.

7. ముగింపు

పై పరిశీలన నుండి ఈ క్రింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. కొత్త ప్యాకేజీ రూపాలపై లినక్స్ వినియోగదారుల వైఖరి ఏకరూపమైనది కాదు. ఫ్లాట్‌ప్యాక్‌ను ఆదరించి స్నాప్‌ను నిలువరించిన లినక్స్ మింట్ ఉదాహరణ, వ్యతిరేకత కొత్తదనంపై కాదని నిరూపిస్తుంది.

2. వేగం, పరిమాణం వంటి ఫిర్యాదులు సాంకేతిక మెరుగుదలతో తగ్గుతాయి. సమ్మతి లేకుండా జరిగిన మార్పులపై అసంతృప్తి అలా తగ్గదు.

3. మధ్యవర్తి ఉన్న పద్ధతిలోనూ, లేని పద్ధతిలోనూ వైఫల్యాలు జరిగాయి. కనుక ఏ రూపం సురక్షితం అన్న ప్రశ్న కంటే, ఆ రూపంలో లోపాన్ని సరిదిద్దే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగకరం.

4. కొత్త అంగడులు పరిశీలన, ధ్రువీకరణలను క్రమంగా ప్రవేశపెట్టడం, పాత భాండాగార నిర్వాహకుని పాత్ర మరో రూపంలో తిరిగి అవసరమైందని సూచిస్తుంది.

5. తెలుగు వినియోగదారులకు ప్యాకేజీ రూపం ఎంపిక, ఇంటర్‌ఫేస్ భాషను, అక్షరరూపాన్ని, టైపింగ్‌ను నేరుగా ప్రభావితం చేస్తుంది.

కళాశాలల కంప్యూటర్ గదులలో, పరిశోధన కేంద్రాలలో లినక్స్‌ను వాడేవారు ఒక ప్రోగ్రాంను స్థాపించే ముందు మూడు విషయాలను పరిశీలించడం మంచిది: ఆ ప్యాకేజీని తయారుచేసినవారు ఎవరు, దానిని నవీకరించేది ఎవరు, అందులో తెలుగు ఏ స్థితిలో ఉంది. ఈ మూడింటికీ సమాధానం దొరికినప్పుడు, రూపం పాతదా కొత్తదా అన్నది రెండవ స్థానంలోకి వెళ్తుంది.